సంఘము వెలుపలి క్రీస్తుభక్తి : ఓరుగంటి సీమనుండి ఒక పరిశీలన

“మతము” అను శబ్దమునకు తలపబడినది, అభిప్రాయము అనునది మొదటి అర్థము. “నా మతమున” అని వ్రాసిన వ్యాఖ్యాత తన ఊహను చెప్పుచున్నాడే గాని తన కులగోత్రములను చెప్పుట లేదు. నేడు వాడుకలో మిగిలిన అర్థము వేఱు. బిడ్డను బడిలో చేర్చునపుడు, ధ్రువపత్రము కోరునపుడు, జనాభా లెక్కలవారు వాకిట నిలిచినపుడు అడుగబడునది ఈ రెండవ మతము. ఈ రెంటికిని నడుమ తెలుగున ఒక పలుకుబడి నిలిచియున్నది: “మతము పుచ్చుకొనుట”. పుచ్చుకొనునది ఏదైనను ఇచ్చువా డొకడుండవలెను, చూచువారు నలుగురుండవలెను. దానము పుచ్చుకొందురు, తాంబూలము పుచ్చుకొందురు, మతమును అట్లే పుచ్చుకొందురు. మఱి ఎవరిచేతినుండియు పుచ్చుకొనక, ఏ పుస్తకమునను పేరెక్కించుకొనక, క్రీస్తును తన గురువుగ, ఇష్టదైవముగ ఎంచుకొనిన మనిషిని ఏమని పిలువవలెను? తెలుగున అతనికి పేరు లేదు. పేరు లేని ఆ మనిషి చరిత్రయే ఈ వ్యాసమునకు విషయము.

ఈ చరిత్రను మేము ఓరుగంటి సీమనుండి చూడదలచితిమి. ప్రధానముగ పూర్వపు వరంగల్లు జిల్లానుండి 2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు మా పరిశీలనకు కేంద్రము. సంఘము వెలుపల నిలిచిన ప్రసిద్ధులు ఈ మూడు జిల్లాలవారు కారు. వారు కోస్తావారు, మదరాసున నివసించినవారు. అయినను వెలుపల అనగా ఏమో తెలియవలెనన్న లోపల ఏమున్నదో ముందు తెలియవలెను. ఆ లోపలి నిర్మాణము మహబూబాబాదు జిల్లాలోని డోర్నకల్లున కనబడినంత స్పష్టముగ తెలుగునాట మఱొకచోట కనబడదు. జనగామ, అమెరికన్ బాప్తిస్టు మిషనువారు 1901లో స్థావర మేర్పఱచుకొనిన ఊరు. అంతకు మించి, “సంఘము” అన్న మాటకు వేఱొక అర్థము మ్రోగిన నేల. భూపాలపల్లి బొగ్గుగనుల వెంట నానాగ్రామములవారు వచ్చి చేరిన పట్టణము. ఈ మూటిని కలిపి చూచినపుడు మాకు తోచిన విషయము ఒకటి కలదు. దానిని క్రమముగ చెప్పుదుము.

సంఘములేని వ్యక్తిగత క్రైస్తవాధ్యాత్మికత ఆధునికోత్తర సంస్కృతి లక్షణమని ఇటీవల తఱచుగ వినబడుచున్నది. ఫ్రెంచి తత్త్వవేత్త లియోతార్ 1979లో ఆధునికోత్తర స్థితిని మహాకథనములయెడ అవిశ్వాసముగ నిర్వచించెను. సర్వమును వివరింపజూచు పెద్ద కథలపై నమ్మకము సడలినపుడు మనిషి తనకు దొరకిన చిన్న వెలుగును తానే కాపాడుకొనునని దాని తాత్పర్యము. ఆంగ్ల సమాజశాస్త్రజ్ఞురాలు గ్రేస్ డేవీ 1994లో బ్రిటను దేశపు మతస్థితిని గూర్చి వ్రాయుచు, అచటివారు నమ్ముదురు గాని చేరియుండరని తేల్చెను. ఈ మాటలు ఆ దేశములకు చక్కగ సరిపోవును. మా విభాగమున పరిశోధన చేయు విద్యార్థులు కొందఱు వీనినే తెచ్చి మన ఊళ్లకు తొడుగజూతురు. చొక్కా మంచిదే, కొలత మాత్రము వేఱొకరిది. తెలుగునాట సంఘము వెలుపలి క్రీస్తుభక్తి లియోతార్ గ్రంథముకంటె ముందు పుట్టినది. పుట్టుటకు కారణములును అవిశ్వాసమునకు సంబంధించినవి కావు.

కాలమును చూపుటకు ఒక్క సంవత్సరము చాలును. 1942లో ఫ్రాన్సు దేశపు మార్సే నగరమున సిమోన్ వేయ్ అను తత్త్వవేత్త్రి పెర్రాఁ అను డొమినికన్ గురువునకు కొన్ని లేఖలు వ్రాసెను. యూదుకుటుంబమున పుట్టిన ఆమె క్రీస్తును హృదయపూర్వకముగ ప్రేమించెను. బాప్తిస్మమునకు మాత్రము ఒప్పుకొనలేదు. సంఘము ఒక సామాజిక వస్తువైనందున తనను లోగొనునని ఆమె భయము; సంఘము వెలుపల నిలిచిపోయిన జాతులను, జ్ఞానమును విడిచి తానొక్కతె లోపలికి పోజాలనని ఆమె పట్టుదల. మరుసటి సంవత్సరమే ఇంగ్లండున ఆమె మరణించెను. ఆ లేఖలు 1950లో గ్రంథముగ వెలువడెను. అదే 1942లో కోస్తా ఆంధ్రములోని మునిపల్లెలో కలగర సుబ్బారావు అను ఉపాధ్యాయుడు తనకు క్రీస్తు దర్శనమైనదని చెప్పెను. ఆయనయు బాప్తిస్మమును పొందలేదు. వీరిద్దరికి ఒకరి సంగతి ఒకరికి తెలియుటకు అవకాశమే లేదు. మఱి రెండేండ్లకు, 1944లో, నాజీల చెఱలోనున్న బాన్‌హోఫర్ అను జర్మను పాస్టరు మతములేని క్రైస్తవమును గూర్చి తన మిత్రునకు వ్రాసెను. యుద్ధకాలమున ఐరోపాలో ఆ ప్రశ్న పుట్టుటకు హేతువులు స్పష్టములు. మునిపల్లెలో ఎందుకు పుట్టినది?

సుబ్బారావు 1912లో జన్మించి 1981లో మరణించెను. దర్శనానంతరము ఆయన ప్రార్థనచే రోగులు స్వస్థులగుచున్నారన్న వార్త వ్యాపించి జనము ఆయన ఇంటికి రాజొచ్చిరి. వచ్చినవారిని ఆయన ఏ మతమునందును చేర్చలేదు. చేర్చుటకు తనకొక మతము లేదని స్పష్టముగ చెప్పెను. క్రీస్తును గురుదేవుడని సంబోధించుచు తెలుగున పాటలు కట్టెను. ఆ పాటలే ఆ కూటములకు ఆరాధనక్రమము. ఆయన దృష్టిలో క్రీస్తు మార్గమనగా అహంకారమును పూర్తిగ విడుచుట. శిలువ దాని గుర్తు. ఆ త్యాగము లేనిచో నీటిలో మునుగుట దేహమునకు స్నానము మాత్రమేయని ఆయన వాదము. పురోహితుడు ఏ మతమువాడైనను ఆయనకు సరిపడలేదు. పాదిరీలను వెనుకకు మరలుడని హెచ్చరించు చిన్న పుస్తకమును గూడ వ్రాసెను. బెంగుళూరు ఐక్యవేదాంత కళాశాలలో చరిత్రాచార్యుడైన కాయ్ బాగో అను డేనిష్ పండితుడు ఈ ఉద్యమమును పరిశీలించి 1968లో ఒక గ్రంథము ప్రచురించెను, 2005లో హెచ్. ఎల్. రిచర్డ్ మఱింత విపులముగ వ్రాసెను. మన సాహిత్యచరిత్రకారులు మాత్రము ఆ పాటలను పట్టించుకొనలేదు. హైందవభక్తి సాహిత్యమునందు చేర్చుటకు అవి క్రీస్తుపాటలు. క్రైస్తవ కీర్తనలలో చేర్చుటకు కర్తకు బాప్తిస్మము లేదు. రెండు బీరువాలకు నడుమ పడిన పుస్తకమువలె అవి ఉండిపోయినవి.

ఇట్టి ప్రశ్న సుబ్బారావుతోనే మొదలు కాలేదు. మహారాష్ట్ర కవి నారాయణ వామన తిలక్ 1917లో మిషను కొలువు విడిచి, బాప్తిస్మము పొందినవారికిని పొందనివారికిని సమముగ చోటుండు “దేవుని దర్బారు”ను సంకల్పించెను. తెలుగువారిలో ఈ విషయమును తర్కబద్ధముగ చర్చించినవాడు పాండిపెద్ది చెంచయ్య. నెల్లూరున 1886లో జన్మించి, తండ్రితోపాటు 1901లో క్రైస్తవుడై, న్యాయశాస్త్రము చదివి, పుదుక్కోట సంస్థానమున ప్రధానన్యాయమూర్తిగ పనిచేసిన ఆయనకు క్రీస్తు నూతన సృష్టికి ఆద్యుడు, కొత్త మానవుడు. ఆ జీవశక్తిని పరిశుద్ధాత్మ మనిషిలో నింపవలెను గాని సంఘవ్యవస్థ నింపజాలదని ఆయన సిద్ధాంతము. ఆయన బాప్తిస్మము పొందినవాడే, సంఘమును విడిచి పోయినవాడును కాడు. అయినను సంఘమును విశ్వాసమునకు కేంద్రముగ ఒప్పుకొనలేదు. 1938 డిసెంబరులో మదరాసు చెంత తాంబరమున ప్రపంచ మిషనరీ మహాసభ జరుగనుండగా, ఆ సభకై హెండ్రిక్ క్రేమర్ అను డచ్చి పండితుడు వ్రాసిన గ్రంథమునకు ప్రతివాదముగ చెంచయ్య, ఆయన బావమఱది చక్కరై మొదలగువారు “భారతదేశమున క్రైస్తవమును గూర్చి పునరాలోచన” అను అర్థమిచ్చు ఆంగ్ల గ్రంథమును వెలువరించిరి.

ఆ 1938లోనే రాజమహేంద్రవరమున ముంగమూరి దేవదాసు లూథరన్ సంఘమును వీడి బైబిలు మిషనును స్థాపించెను. ఏ సందేహమునైనను దైవసన్నిధిలో కనిపెట్టియుండి దేవునినే అడుగుడని ఆయన బోధ. ఇంతకంటె వ్యక్తిగతమైన మార్గము ఉండబోదు. అయినను ఆ మార్గమే కాలక్రమమున లక్షలమంది కూడు మహాసభలుగల సంస్థగ రూపొందినది. వెలుపలికి వచ్చినవారు తిరిగి గోడ కట్టుకొనుట మన దేశమున కొత్త కాదు. ఈ సంగతికి మరల వత్తుము.

ఇంక డోర్నకల్లు. తాంబరము సభ ముగిసిన కొలదిదినములకే, 1939 జనవరి 6న, డోర్నకల్లున ఎపిఫనీ ప్రధానాలయము ప్రతిష్ఠింపబడెను. గుమ్మటములు, మినారులు, దేవాలయపు స్తంభములను తలపించు స్తంభములు కలిసిన ఆ కట్టడమును చూచినవారు దానిని కట్టించిన మనిషి మనసును కొంత గ్రహింపగలరు. వేదనాయగము శామ్యూల్ అజరయ్య తమిళుడు. 1874లో తిరునల్వేలి ప్రాంతమున జన్మించెను. ఆయన 1903లో స్థాపించుటకు తోడ్పడిన తిరునల్వేలి భారతీయ మిషనరీ సంఘము తన సేవకులను నైజాము రాజ్యములోని డోర్నకల్లునకు పంపినది. 1909లో ఆయనయే గురుపట్టము పొంది అచటికి వచ్చి, తెలుగు నేర్చి, పల్లెలు తిరిగెను. 1910లో ఎడింబరో మహాసభలో తెల్లదొరలను ఉద్దేశించి, మాకు మీ త్యాగములు చాలవు, మీ స్నేహము కావలెనని అర్థము వచ్చునట్లు పలికినది ఈయనయే. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘమున మొట్టమొదటి భారతీయ బిషప్పుగ అభిషిక్తుడై, 1945 జనవరి 1న డోర్నకల్లుననే కన్నుమూసెను. సూసన్ బిల్లింగ్టన్ హార్పర్ 2000లో ప్రచురించిన గ్రంథము ఆయన జీవితమును విపులముగ వివరించినది.

అజరయ్య కాలమున డోర్నకల్లు మండలపు సంఘములలో చేరినవారిలో అత్యధికులు మాలలు, మాదిగలు. వారు ఒక్కొక్కరుగ రాలేదు. కుటుంబములు, పేటలు కలిసి వచ్చిరి. వారి బాప్తిస్మము ఎట్టిదో తెలియజేయు విషయ మొకటి ఆయన చరిత్రలలో కలదు. సభలలో ఆయన విశ్వాసులను తమ చేతిని తమ తలపై నుంచుకొమ్మని చెప్పి, తాము బాప్తిస్మము పొందినవారమనియు, సువార్తను ప్రకటింపకున్న తమకు శ్రమయనియు తనతోపాటు పలికించెడివాడు. వాక్యము అపొస్తలుడైన పౌలుది. తలపై చేయి మాత్రము అజరయ్యది.

పాఠకులు ఈ దృశ్యమును ఒకపరి తలచుకొనవలెను. ఎవరి నీడ పడిన దోషమని ఊరు తలచునో, ఎవరి చేయి తగిలిన కుండ పగులగొట్టబడునో, ఆ మనిషి తన చేతిని తన తలపై నుంచుకొనుచున్నాడు. ఆ తలపై పోయబడిన నీరు అతని యావజ్జీవమున మొదటిసారి ఒకరు గౌరవముతో అతనిపై పోసిన నీరు. కతోలికులు బాప్తిస్మమును జ్ఞానస్నానమనిరి. ప్రొటెస్టెంటులు గ్రీకు మాటను తెలుగున అట్లే ఉంచిరి. తెలుగున వేరులేని ఆ పరాయిమాట మాలపల్లెలో అచ్చమైన సొంతమాట అయ్యెను, ఏలయన దానితోబాటు పేరు, బడి, పలక, పెండ్లి పుస్తకమున సంతకము, సమాధికి చోటు వచ్చినవి. అన్నియు సక్రమముగ జరిగెనని మేము చెప్పుట లేదు. మాలమాదిగల నడుమ ఎడము సంఘమునందును పోలేదు. మిషను ధనముపై ఆధారపడుట ఒక జాడ్యమయ్యెను. అజరయ్యయే దానిని గుర్తించి, పిడికెడు బియ్యమైనను ఇచ్చుట నేర్వవలెనని దానమును గూర్చి బోధించి గ్రంథము వ్రాసెను.

1936, 37 సంవత్సరములలో గాంధీమహాత్ముడు “హరిజన్” పత్రికలో ఈ సామూహిక బాప్తిస్మములను విమర్శించెను. క్రీస్తును గౌరవించుటకు మతము మారనక్కఱ లేదని ఆయన నిశ్చయము. ఆ మాట సత్యమే. గాంధీజీ పూజాగదిలోనుండి చూచినపుడు అది పరమసత్యము. కాని మతము మారకుండ క్రీస్తును గౌరవించిన మాదిగవానికి మరునాడు ఉదయము మారునది ఏమున్నది? వెట్టి ఉండును, వాడ ఉండును, గుడి మెట్ల క్రింది చోటు ఉండును. ఇచటనే మాకు తోచిన విషయమును చెప్పవలసి యున్నది. సంఘము వెలుపల నిలుచుట స్వేచ్ఛయా కాదా అనునది, నిలుచువానికి అంతకుముందు ఏమి ఉండెను అనుదానిపై ఆధారపడును. సుబ్బారావు ఉపాధ్యాయుడు, ఊరిలో ఆయనకు ఇల్లు, మాట, మర్యాద ఉండెను. చెంచయ్య న్యాయమూర్తి. సంఘమును కాదనుటవలన వారు కోల్పోయినది లేదు. వారి విశ్వాసమును మేము శంకింపము. సుబ్బారావు నిరహంకారబోధ నిజాయితీ గలదనియే మా నమ్మకము. కాని కులమర్యాద గలవాడు విడువదగినదిగ ఎంచిన సంఘమే కులమర్యాద లేనివానికి తొలి ఆస్తి.

ఎం. ఎం. థామస్, లెస్లీ న్యూబిగిన్ అను ఇద్దరు వేదాంతుల నడుమ 1971, 72లలో ఈ విషయముననే ప్రసిద్ధమైన వాదము జరిగెను. హైందవ సమాజము విడువకయే క్రీస్తుకేంద్రకమైన సహవాసము సాధ్యమని థామస్, కంటికి కనబడు సంఘము లేక విశ్వాసము నిలువదని న్యూబిగిన్ వాదించిరి. ఇద్దరును గట్టివారే. వారి లేఖలలో సంఘము వెలుపలి మనిషి అనగా చదువుకొనిన సవర్ణుడే మాకు ఎక్కువగ కనబడినాడు. కూలివాని సంగతి పక్కకు పోయినది.

జనగామ మాట ఇంతకుముందు ఎత్తితిమి. ఈ జిల్లాలోని పాలకుర్తి పాల్కురికి సోమనాథుని ఊరని ఎక్కువమంది పండితుల మతము (ఇచట మతమనగా పాత అర్థమే). వీరశైవము బోధించినది ఏమి? ఇష్టలింగమును ఎవరి దేహముపై వారు ధరింపవలెను. దైవము మెడలోనే ఉండగా గుడితో పని లేదు, పూజారితో పని లేదు, పుట్టుకతో పని లేదు. సంఘములేని వ్యక్తిగతభక్తికి తెలుగు సాహిత్యమున ఇంతకంటె ప్రాచీనమైన, ప్రబలమైన నిదర్శనము మాకు తెలియదు. సోమనాథుడు దేశి ద్విపదను చేపట్టుటయు ఆ తిరుగుబాటులో భాగమే. మఱి నేడు తెలంగాణ పల్లెలలో జంగములు, లింగబలిజలు అనునవి కులముల పేర్లు. కులము నుండి వెడలివచ్చినవారి గుంపు కాలక్రమమున ఇంకొక కులమైనది. దేవదాసు గారి మార్గము సంస్థ యగుటయు, డోర్నకల్లు పల్లెలలో “కిరస్తానీ” అను మాట మతమునకు గాక వాడకు గుర్తగుటయు ఈ వరుసలోనివే. సుబ్బారావు దీనిని ఎఱుగును. కావుననే పేరు పెట్టుటకు, పట్టిక వ్రాయుటకు ఒప్పుకొనలేదు. అయినను సంస్థలేని చోట గురువే సంస్థయగును. ఆయన మరణానంతరము ఆ కూటములు పూర్వపు విస్తృతిని నిలుపుకొనలేకపోవుటకు అదియే హేతువని మా ఊహ.

జనగామ ప్రాంతమున సంఘమన్న మాటకు 1940 ప్రాంతములలో వచ్చిన అర్థమును గూడ మఱువరాదు. తెలుగు బైబిలులో సంఘమనగా క్రీస్తు సంఘము. వ్యావహారికమున సంఘమనగా సమాజము. వెట్టికి ఎదురు తిరిగిన జనగామ పల్లెలలో మాత్రము సంఘమనగా ఆంధ్రమహాసభ. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశముఖు మనుషుల తుపాకికి దొడ్డి కొమరయ్య బలియైనది ఆ సంఘము పక్షమున నడచినపుడే. పాదిరీల సంఘమునకు, కమ్యూనిస్టుల సంఘమునకు సిద్ధాంతమున చుక్కెదురు. కాని ఒంటరిగనున్న పేదవాని చెవికి రెండు చోట్లను ఆ మాట ఒకే వాగ్దానము చేసినది: నీవు ఒక్కడవు కావు. ఇట్టి నేలపై నిలిచి, సంఘము వ్యర్థమని, ఏకాంతభక్తియే శ్రేష్ఠమని తీర్పు చెప్పుట తొందరపాటు.

ఇంతవరకు చెప్పినది మొదటి అర్ధశతాబ్దికి సరిపోవును. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి జారీ చేసిన షెడ్యూల్డు కులముల ఉత్తర్వు ఈ కథను తలక్రిందులు చేసినది. ఆ ఉత్తర్వు మూడవ పేరా ప్రకారము హిందూమతస్థుడు కానివాడు షెడ్యూల్డు కులస్థుడుగ ఎంచబడడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు వచ్చెను; క్రైస్తవులకు రాలేదు. ఆంధ్ర, తెలంగాణలలో మతాంతరులైన షెడ్యూల్డు కులస్థులకు వెనుకబడిన తరగతులలో “సి” వర్గమున నూటికి ఒక వంతు మాత్రము కేటాయింపబడినది. 2024 నవంబరులో సుప్రీముకోర్టు పుదుచ్చేరి నుండి వచ్చిన ఒక వ్యాజ్యమున, క్రైస్తవమును నిజముగ ఆచరించుచు ఉద్యోగముకొఱకు హిందువునని చెప్పుట రాజ్యాంగమునకు ద్రోహమని తీర్పు చెప్పెను. అనగా బడిని, గౌరవమును ఇచ్చిన ఆ నీరే ఇప్పుడు కళాశాల సీటును, కొలువును తీసికొనిపోవుచున్నది.

దీని ఫలితము జనాభా లెక్కలలో చదువవచ్చును. అవిభక్త ఆంధ్రప్రదేశమున క్రైస్తవులు 1971లో నూటికి 4.19, 1981లో 2.68, 2001లో 1.55, 2011లో 1.34. సంఖ్యలలో చెప్పవలెనన్న 1971లో సుమారు 18 లక్షలమంది, 2011లో సుమారు 11 లక్షలమంది. ఈ నలుబదియేండ్లలో రాష్ట్రజనాభా ఇంచుమించు రెట్టింపైనది. ఊరూర ప్రార్థనమందిరములు లేచుచుండగా క్రైస్తవులు తగ్గిపోయిరని నమ్ముట ఎట్లు? విశ్వాసము తగ్గలేదు, దాఖలా తగ్గినదని చెప్పుట సమంజసము. తగ్గుదల మొత్తమునకు ఉత్తర్వొకటే కారణమని మేము వాదింపము. అయినను ఇట్టి పట్టికను ముందుంచుకొని, మన దళితవాడలలోని “పేరెక్కని” విశ్వాసిని ఆధునికోత్తర మానవుడని వర్ణించుట విడ్డూరము. అతడు మహాకథనమును త్యజించినవాడు కాడు, గడి తప్పించుకొనినవాడు.

కావున వెలుపలికి పోవుటకు తెలుగునాట రెండు ద్వారములున్నవని మేము మొదట వ్రాసికొంటిమి: మర్యాద గలవాడు తానై తెఱచుకొనినది ఒకటి, చట్టము నెట్టినది ఒకటి. వ్రాసిన పిదప మూడవది కనబడినది. హెర్బర్ట్ హోఫర్ 1991లో ప్రచురించిన గ్రంథము మదరాసు ప్రాంతమున బాప్తిస్మము లేని క్రీస్తుభక్తులను గూర్చినది. అందు కుటుంబమును విడువలేక మౌనముగ విశ్వసించు స్త్రీలు ప్రముఖముగ కనబడుదురు. భర్త ఒప్పుకొనడు, అత్తవారు ఒప్పుకొనరు; ఆమె బొట్టు తుడువదు, పండుగ మానదు, ప్రార్థన విడువదు. ఇట్టి స్త్రీకి వెలుపల అనునది సిద్ధాంతము కాదు, వంటగది. మఱొకవైపు, సంఘము పట్టికలో పేరున్నవారందఱు లోపలివారేయని గూడ అనరాదు. పి. వై. లూక్, జాన్ కార్మన్ కలిసి మెదకు సీమ పల్లెలను పరిశీలించి 1968లో ప్రచురించిన గ్రంథమున, బాప్తిస్మము పొందిన కుటుంబములు గ్రామదేవతల కొలుపులను పూర్తిగ విడువలేదని చూపిరి. పుస్తకమునకు, మనసునకు ఎటునుండి చూచినను పొంతన తక్కువ.

సాహిత్య విద్యార్థులకు ఇది దూరపు సంగతి కాదు. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము పొందిన “క్రీస్తు చరిత్ర” కర్త గుఱ్ఱము జాషువ క్రైస్తవకవియా? కులమతములు తనను బంధింపజాలవని ప్రకటించుకొనిన ఆయనను ఏ అధ్యాయమున ఉంచవలెనో తెలియక మనము తికమకపడుచున్నాము. అధ్యాయముల విభజన తప్పు గాని కవి తప్పు కాదు.

భూపాలపల్లి పనివాడలలో కొంతకాలము క్రిందట మేము కొన్ని ఇండ్లను చూచితిమి. గనులలో పనికై వేర్వేఱు ఊళ్లనుండి వచ్చినవారు గావున ఊరి సంఘముగాని, ఊరి కట్టుగాని వారివెంట రాలేదు. సాయంకాలము ఒక ఇంటి ముందుగదిలో పదిమంది కూడుదురు; పాడుదురు, రోగికై ప్రార్థింతురు, టీ త్రాగి లేతురు. పాస్టరు వచ్చిన రోజు కలదు, రాని రోజు కలదు. ఒక ఇల్లాలిని మీ మతమేమని మేము అడుగగా, వ్రాసికొనుటకా, నమ్ముటకా అని ఆమె మమ్ము తిరిగి అడిగినది. ఎగతాళి కాదు, ఏ కాగితము కావలెనో తెలియక అడిగినది. మేము కాగితము కొఱకు రాలేదని చెప్పిన పిదప ట్రంకుపెట్టెలోనుండి ఒక నోటుపుస్తకము తీసి చూపినది.

అందు పాటలు వ్రాయబడియున్నవి. కొన్ని పురుషోత్తమ చౌదరి కీర్తనలు, కర్తపేరు లేకుండ; ఆయన 1803లో జన్మించి 1890లో మరణించినవాడు గావున శతాబ్దికి పైగా నోటనోట వచ్చి ఈ పుస్తకమునకు చేరినవి. కొన్ని బతుకమ్మ వరుసలో కట్టినవి. కొన్నింటిలో క్రీస్తు గురువుగ, కొన్నింటిలో మేనమామ ఇంటి పెద్దదిక్కుగ సంబోధింపబడెను. పుటల అంచున పాలలెక్క, చిట్టీలెక్క. ఇట్టి పుస్తకములు ఈ మూడు జిల్లాలలో ఎన్నియో ఇండ్లలో ఉండక తప్పవు. డోర్నకల్లు సంఘపు పుస్తకములతో వీనిని ప్రక్కప్రక్కన పెట్టి చదువు పని ఇంకను జరుగవలసి యున్నది. పాటల పాఠములనే గాక అంచున వ్రాసిన లెక్కలను గూడ ఎత్తి వ్రాసికొనుడని మా విద్యార్థులకు చెప్పితిమి. పాట ఎప్పుడు వ్రాయబడినదో తెలియుటకు పాలధర యొకటే ఆధారమైన పుటలు అందు చాలగలవు.